సంక్రాంతి సెలవుల్లో బ్యాంకాక్: అత్తగారితో, ఇద్దరు పిల్లలతో

ప్రశ్న: మాది రాజమండ్రి. సంక్రాంతి సెలవుల్లో మొదటిసారి విదేశం వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, 67 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టని శాకాహారం. ఒక ట్రావెల్ ఏజెంటు పట్టాయా రెండు రాత్రులు, బ్యాంకాక్ రెండు రాత్రులు ప్యాకేజీ చెప్పాడు. బంధువులేమో బ్యాంకాక్ అంటేనే మొహం అదోలా పెడుతున్నారు, అది కుటుంబంతో వెళ్లే ఊరా అని. మా ఆయన సొంతంగా వెళ్దామంటున్నారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆవిడ తిండి, పిల్లలు తప్పిపోతారేమో అన్న భయం, అన్నీ కలిపి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

వెళ్ళండి. అత్తగారిని తీసుకునే వెళ్ళండి. ప్యాకేజీ వద్దు, పట్టాయా కూడా వద్దు. ఉన్న రాత్రులన్నీ బ్యాంకాక్‌లో, ఒకే హోటల్లో గడపండి. ఆ ఊళ్లో కుటుంబ ప్రయాణం బాగుండడం, పాడవడం రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుంది: హోటల్ ఎక్కడ తీసుకున్నారు, రోజుకి ఎన్ని చోట్లు పెట్టుకున్నారు. మిగతావన్నీ అక్కడికి వెళ్ళాక సర్దుకునేవే.

ముందు బంధువుల మాట. బ్యాంకాక్ కోటిమంది దాకా బతుకుతున్న రాజధాని. బళ్లు, ఆసుపత్రులు, పార్కులు, పొద్దున్నే భిక్షకి వచ్చే బౌద్ధ సన్యాసులు, సాయంత్రం పిల్లల్ని ఆడించుకునే అమ్మమ్మలు ఉన్న ఊరు. మీవాళ్లు అనుకునే రాత్రి వ్యాపారం లేదని చెప్పను, ఉంది. అది నానా స్టేషన్ చుట్టుపక్కల, అసోక్ దగ్గర సోయ్ కౌబాయ్ సందులో, సీలోం రోడ్డుకి ఆనుకుని ఉన్న పట్‌పాంగ్‌లో ఎక్కువ. ఆ మూడింటి పక్కన గది తీసుకోకపోతే చాలు. పిల్లల్ని, పెద్దవాళ్లని ఆ ఊరివాళ్లు చూసుకునే తీరు మీరే చూస్తారు. రైల్లో మీ అత్తగారు ఎక్కగానే ఎవరో ఒకరు లేచి సీటు ఇస్తారు.

ఇక ప్యాకేజీ. పట్టాయా బ్యాంకాక్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. ట్రాఫిక్ బాగుంటే రెండు గంటలు, లేకపోతే ఇంకా ఎక్కువ. పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, మళ్లీ ఇంకో గది కోసం ఎదురుచూడడం, ఇవన్నీ కలిపితే వెళ్లేటప్పుడు సగం రోజు, వచ్చేటప్పుడు సగం రోజు పోతుంది. అక్కడ చూపించే పగడపు దీవికి స్పీడ్ బోటులో ఎగిరెగిరి పడుతూ వెళ్ళాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది శిక్ష. పైగా ఇలాంటి ప్యాకేజీల్లో రత్నాల దుకాణం దగ్గర, తోలు వస్తువుల దుకాణం దగ్గర బస్సు ఆపి గంటలు తినేస్తారు. సముద్రమే కావాలంటే మీకు కాకినాడ పక్కనే ఉంది.

ఇంగ్లీషు గురించి దిగులు పడకండి. అక్కడివాళ్లకీ అంతంత మాత్రమే. రైలు స్టేషన్లలో బోర్డులు ఇంగ్లీషులో కూడా ఉంటాయి, స్టేషన్లకి నంబర్లుంటాయి. మిగతాచోట్ల ఫోనులో అనువాదం చేసే యాప్, వేలితో చూపించడం, ఒక చిరునవ్వు చాలు.

హోటల్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మనవాళ్లు ఫొటోలు, రేటు చూసి బుక్ చేసేస్తారు. బ్యాంకాక్‌లో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకూడదు. మధ్యాహ్నం ఎండలో అర కిలోమీటరు నడవడం మీ అత్తగారికి రెండు కిలోమీటర్లతో సమానం. సాయంత్రం నాలుగు దాటాక టాక్సీ ఎక్కితే మూడు కిలోమీటర్లకి ముప్పావు గంట పట్టొచ్చు. ఆ ఊళ్లో ఈ బాధని తప్పించేవి 1999లో మొదలైన ఆకాశ రైలు (అందరూ బీటీఎస్ అంటారు), 2004లో మొదలైన భూగర్భ మెట్రో, ఇంకా నది మీద తిరిగే పడవలు. కాబట్టి స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో హోటల్ ఉండాలి. మ్యాప్‌లో చూసేటప్పుడు ఆ స్టేషన్‌లో లిఫ్టు రోడ్డుకి ఏ వైపు ఉందో కూడా చూడండి. బీటీఎస్ స్టేషన్లు రోడ్డు మీద రెండు మూడంతస్తుల ఎత్తున ఉంటాయి, లిఫ్టు అన్ని మెట్ల దారుల దగ్గరా ఉండదు. తప్పు వైపు ఉంటే ఆవిడ రోజూ మెట్లెక్కాలి.

మీ ఇంటికి నేను చెప్పేది సురసక్ స్టేషన్, లేదా దాని పక్కనే 2021లో తెరిచిన సెయింట్ లూయీ స్టేషన్ దగ్గర. కారణాలున్నాయి. సురసక్ తర్వాతి స్టేషన్ సఫాన్ తక్సిన్, దాని కిందే సాథోర్న్ రేవు, అక్కడ పడవ ఎక్కితే పాత ఊరు మొత్తం చేతికందుతుంది. రెండో వైపు నడిచి వెళ్లే దూరంలో సీలోం రోడ్డు మీద మహా మారియమ్మన్ గుడి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వలస వెళ్ళిన తమిళులు కట్టుకున్నది. మన దక్షిణాది గోపురమే, కుంకుమే, కర్పూర హారతే. బారులు తీరి మొక్కుకునేవాళ్లలో మాత్రం థాయ్‌వాళ్లే ఎక్కువ. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోశ, అన్నం సాంబారు దొరికే దక్షిణాది హోటళ్లున్నాయి. దేశం కాని దేశంలో మొదటి రోజు సాయంత్రం అమ్మవారి దర్శనం చేసుకుని, వేడి ఇడ్లీ తిని పడుకుంటే మీ అత్తగారి భయం సగం తగ్గుతుంది.

అయిదుగురికి ఒక గది ఇవ్వరు. మామూలు గదిలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల, అంతే. రెండు గదులు తీసుకుంటే మధ్యలో తలుపు ఉన్నవి అడగండి. అంతకన్నా మేలు సర్వీస్డ్ అపార్ట్‌మెంటు. రెండు పడకగదులు, చిన్న వంటగది, ఫ్రిజ్, చాలావాటిలో బట్టలు ఉతికే మిషను కూడా ఉంటాయి. బ్యాంకాక్‌లో ఇవి చాలా ఉన్నాయి, రెండు గదుల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు. కిందనో పక్కవీధిలోనో సెవెన్ ఎలెవెన్ కొట్టు ఉండనే ఉంటుంది. పాలు, అరటిపళ్లు, నీళ్ల సీసాలు రాత్రి ఏ వేళకైనా దొరుకుతాయి. కుళాయి నీళ్లు మాత్రం తాగొద్దు. ఇంకొకటి, అడగడానికి మనవాళ్లు మొహమాటపడేది: అక్కడ బాత్‌రూముల్లో మనకి అలవాటైన చేతి షవరు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, కమోడ్లు ఉంటాయి. మోకాళ్లకి ఇబ్బంది లేదు.

హైదరాబాద్ నుంచి నేరుగా మూడున్నర గంటల ప్రయాణం. చాలా విమానాలు అర్ధరాత్రి బయల్దేరి తెల్లవారుజామున దింపుతాయి. ఆ ఊరి గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. నిద్రలేని నాలుగేళ్ల పిల్లతో, కాళ్లు వాచిన పెద్దావిడతో పొద్దున ఏడింటి నుంచి లాబీలో కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. పగటి విమానం దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే ముందు రాత్రికి కూడా డబ్బు కట్టి గది ఉంచుకోండి. ఈ ప్రయాణంలో మీరు పెట్టే ఖర్చుల్లో అంత సుఖమిచ్చేది ఇంకొకటి ఉండదు. విమానాశ్రయాలు రెండున్నాయి, సువర్ణభూమి, డాన్ మువాంగ్. మీ టికెట్ దేనికో చూసుకోండి. అయిదుగురు, పెట్టెలు అంటే రైలు వద్దు, పెద్ద టాక్సీ అడగండి. సువర్ణభూమిలో లైను నుంచి టాక్సీ తీసుకుంటే మీటరు మీద కొంత అదనం, ఎక్స్‌ప్రెస్ రోడ్డు టోలు మీరే ఇవ్వాలి. వాళ్ల డబ్బు బాటు, దాని విలువ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఊగుతోంది, మూడుతో లెక్కేసుకుంటే తర్వాత ఇబ్బంది పడరు.

ఇప్పుడు తిండి. మీ భయంలో నిజం ఉంది, అందుకే నెమ్మదిగా చెబుతాను. థాయ్ వంటలో చేపల పులుసునీళ్లు, నామ్ ప్లా అంటారు, మన ఉప్పు ఉన్నచోటల్లా ఉంటాయి. రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ కూడా అంతే. 'వెజిటబుల్ ఫ్రైడ్ రైస్' అని రాసి ఉన్నా అందులో అవి పడతాయి, పైన గుడ్డు కొట్టి ఇస్తారు. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, పాడ్ థాయ్‌లో ఎండు రొయ్యలు. వంటవాడు మోసం చేస్తున్నట్టు కాదు, ముక్క కనపడకపోతే శాకాహారమే అని అతని లెక్క. కాబట్టి 'వెజ్' అన్న మాట మీద ఆధారపడకండి. 'జే' అని అడగండి. చైనా బౌద్ధుల నుంచి వచ్చిన ఆచారం అది. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అది జే దుకాణం. మీ అత్తగారు కార్తీకంలో ఉల్లి మానేసే మనిషైతే ఆవిడకంటే నిష్ఠగా వండేవాళ్లు అక్కడున్నారని చెప్పండి. మామూలు హోటళ్ల కోసం ఫోనులో థాయ్ లిపిలో ఒక చీటీ తయారు చేసి పెట్టుకోండి: మాంసం, చేప, గుడ్డు, చేప సాస్, రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్, ఏవీ వద్దు అని. ఇక్కడే తయారు చేసుకుని వెళ్ళండి, ఆకలి మీద ఉన్నప్పుడు కుదరదు.

అయినా సరే రోజుకి ఒక పూట ఇంటి తిండి ఉండేలా చూసుకోండి. చిన్న రైస్ కుక్కరు తీసుకెళ్ళండి. కరెంటు దాదాపు మనలాగే 220 వోల్టులు, మన సన్న పిన్నుల ప్లగ్గు పడుతుంది, లావు మూడు పిన్నులదానికి మాత్రం అడాప్టరు కావాలి. బియ్యం అక్కడే కొనుక్కోవచ్చు, మల్లెల వాసన వచ్చే బియ్యం, కాస్త జిగురుగా ఉడుకుతాయి, నీళ్లు తగ్గించి పోయండి. కందిపొడి, కరివేపాకు కారం, నెయ్యి, ఊరగాయ పెట్టుకోండి. ఊరగాయ నూనె పైకి రాకుండా గట్టి మూత డబ్బాలో పెట్టి, దాన్ని రెండు జిప్ కవర్లలో చుట్టి, చెకిన్ పెట్టెలోనే వేయండి. చేతి సంచీలో ఆపేస్తారు. పెరుగు కొట్లలో దొరుకుతుంది, కానీ ఎక్కువ రకాలు తీపివి. చక్కెర లేనిదేనా అని డబ్బా మీద చూసి తీసుకోండి.

పిల్లల విషయంలో ఇంత కష్టం ఉండదు. జామ, పనస, బొప్పాయి, రంబుటాన్, డ్రాగన్ ఫ్రూట్, కోసి సంచీలో పెట్టి అమ్ముతారు. కొబ్బరిపాలతో వండిన జిగురన్నం మీద మామిడిపండు ముక్కలు పెట్టి ఇచ్చేది మీ పాప వదలదు. అసోక్ స్టేషన్‌కి ఆనుకుని టెర్మినల్ 21 అనే మాల్ ఉంది, ఒక్కో అంతస్తు ఒక్కో దేశపు నగరంలా అలంకరించారు. పై అంతస్తు ఫుడ్ కోర్టులో రేట్లు రోడ్డు పక్క బండి రేట్లలాగే ఉంటాయి, శాకాహారం కౌంటరు కూడా ఉంటుంది. ఒక వర్షపు మధ్యాహ్నానికో ఎండ మధ్యాహ్నానికో దాచుకోండి.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. పచ్చటి ఆకు బొమ్మ ఉన్న దుకాణాలు మీకు ఎదురవుతాయి. 2022లో థాయ్‌లాండ్ గంజాయిని నిషిద్ధ జాబితాలోంచి తీసేసింది, 2025లో మళ్లీ బిగించి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. ఆ బొమ్మ ఉన్న చోట బిస్కట్టు, చాక్లెట్టు, కూల్ డ్రింకు ఏదీ పిల్లలకి కొనకండి. మీ ఆయన స్నేహితులెవరైనా ఈ-సిగరెట్ తెమ్మన్నా, పట్టుకెళ్ళమన్నా ఒప్పుకోవద్దు. అక్కడ అది నేరం.

చూడాల్సినవాటిలో మీ ఇంటిల్లిపాదికీ కలిసొచ్చేది గ్రాండ్ ప్యాలెస్. అందరూ వెళ్తారు కదా అని తీసిపారేయకండి. మనం చూసే కళ్లు వేరు. 1782లో మొదటి రామ రాజు బ్యాంకాక్‌ని రాజధాని చేసుకుని కట్టించిన కోట అది. ఆ వంశపు రాజులందరికీ రామ అనే బిరుదు, ఇప్పుడున్నది పదో రాముడు. అంతకు ముందు పదిహేనేళ్లు నది అవతలి థోన్‌బురి, దానికి ముందు రాజధాని అయుత్థయ, అంటే మన అయోధ్య పేరే. కోట లోపలి పచ్చల బుద్ధుడి గుడి చుట్టూ మండపం ఉంది, ఆ గోడల నిండా 178 బొమ్మల్లో రామాయణం. వాళ్లు రామకియెన్ అంటారు. జనకుడికి నాగలి చాలులో సీత దొరకడంతో కథ మొదలవుతుంది. పుస్తకంలో చూసిన రామాయణంలా ఉండదు. పది తలల రావణుడు ఆకుపచ్చగా ఉంటాడు, తోత్సకన్ అంటారు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి అసలే కాదు. సముద్రంలో వారధి రాళ్లు లాగేస్తున్న మత్స్యకన్యని, ఆమె రావణుడి కూతురే, పెళ్లాడతాడు. వాళ్లకి చేప తోకతో కొడుకు పుడతాడు. ఇది వినగానే మీ అత్తగారు ఊరుకోరు. మైరావణ చరిత్రలో మత్స్యవల్లభుడు కదా అంటారు. అవును, అతనే. గుడి ద్వారాల దగ్గర గదలు పట్టుకుని నిలబడ్డ పెద్ద రాక్షసుల్లో మైరావణుడూ ఉన్నాడు, అక్కడ మైయరాప్. రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోవడం, ద్వారం దగ్గర తండ్రీ కొడుకులు ఎవరో తెలియక కొట్టుకోవడం, రాక్షసుడి ప్రాణం తుమ్మెదలో ఉండడం, ఆవిడ చిన్నప్పుడు విన్న కథే గోడ మీద బంగారు రంగులో కనిపిస్తుంది. పిల్లలకి గైడు అక్కర్లేదు. నాన్నమ్మనే చెప్పమనండి, ఆ మండపంలో నీడ కూడా ఉంటుంది, తీరిగ్గా కూర్చుంటూ నడుస్తూ చూడొచ్చు.

మీరు వెళ్లేది జనవరి కాబట్టి పచ్చల బుద్ధుడికి చలికాలపు అలంకారం ఉంటుంది, ఒంటినిండా కప్పే బంగారు అల్లిక. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడింటికీ మూడు వేషాలు, మార్చేది రాజే. విగ్రహం రెండడుగుల పైచిలుకే, 66 సెంటీమీటర్లు, చాలా ఎత్తున ఉంటుంది, పిల్లల్ని ఎత్తుకుని చూపించండి. లోపల ఫొటోలు కూడదు. కూర్చునేటప్పుడు పాదాలు బుద్ధుడి వైపు చాపకండి, కాళ్లు వెనక్కి మడిచి కూర్చోవాలి. అత్తగారికి కుదరకపోతే వెనక గోడ వారగా నిలబడి దణ్ణం పెట్టుకుంటే సరిపోతుంది.

కోట తలుపులు ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండండి. పదిన్నర దాటితే రాతి ముంగిళ్లు కాలిపోతుంటాయి, బస్సుల్లో జనం దిగుతుంటారు. పెద్దలకి టికెట్ 500 బాట్లు, 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకి లేదు. మీ పాపకి అక్కర్లేదు, బాబు ఎత్తు ఇంట్లో కొలిచి చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి. చేతుల జాకెట్టుతో చీర, చుడీదార్ ఇబ్బంది లేదు. మీ ఆయన, బాబు ఆ రోజుకి పంట్లాములు వేసుకోవాలి. ఆ టికెట్‌తోనే వారపు రోజుల్లో (సోమవారం నుంచి శుక్రవారం దాకా) ఖోన్ ప్రదర్శన చూడొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలియక టికెట్ ముక్క పారేస్తారు. ముసుగులు తొడుక్కుని రామకియెన్ ఘట్టాలు ఆడే నాట్యం అది, 2018లో యునెస్కో జాబితాలో చేరింది. 1933లో తెరిచిన సాలా చలెమ్‌క్రుంగ్ థియేటర్‌లో వేస్తారు, కోట దగ్గర నుంచి వాళ్ల బండే తీసుకెళ్తుంది. దాదాపు అరగంట ఆట, ఏసీ హాలు, కుర్చీలు. గోడ మీద చూసిన హనుమంతుడు ఎదురుగా పల్టీలు కొడితే బాబు సంగతి చెప్పక్కర్లేదు. ఆ పూట వేళలు కోట దగ్గర అడిగి, కుదిరితే చూసి, గదికి వచ్చేయండి. ఆ రోజుకి అది చాలు.

కోటకి వెళ్ళడానికి దారులు రెండు. సాథోర్న్ రేవు నుంచి నారింజ జెండా పడవలు చౌక, కానీ రేవులో క్షణం ఆగి కదిలిపోతాయి, ఎక్కడానికి చురుకుగా అడుగు వేయాలి. నీలం జెండా పర్యాటకుల పడవ కాస్త ఖరీదు, కాస్త నిదానం. మీరు దానిలోనే వెళ్ళండి, తా చాంగ్ రేవులో దిగండి. మోకాళ్లు ఆ రోజు అసలు మాట వినకపోతే సాలా డేంగ్ వరకు బీటీఎస్, అక్కడ మెట్రోకి మారి సనామ్ చై స్టేషన్. రాజుల కాలపు మండపంలా కట్టిన ఆ స్టేషన్‌లో లిఫ్టులున్నాయి, పైకి వచ్చాక కోట వరకు టాక్సీలో కాస్త దూరమే.

కోట గోడ పక్కన మర్యాదగా బట్టలు వేసుకున్నవాడొకడు వచ్చి 'ఈరోజు కోట మూసేశారు, పెద్ద పూజ ఉంది, టుక్‌టుక్‌లో 20 బాట్లకి నాలుగు గుళ్లు చూపిస్తాం' అంటాడు. ఆ బండి చివరికి ఆగేది రత్నాల దుకాణం దగ్గరే. మాట కలపకుండా నడిచి గేటు దగ్గరికి వెళ్ళండి. మూసేశారో లేదో టికెట్ కౌంటరే చెబుతుంది.

ఇంకో పొద్దున్న వాట్ ఫో. 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పతో చేసిన 108 శుభ చిహ్నాలు. గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు, చిల్లర తీసుకుని ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం వేస్తూ పోతారు, పిల్లలకి అది ఆటే. నది దాటితే వాట్ అరుణ్ గుడి. అక్కడి మెట్లు నిటారుగా ఉంటాయి, అత్తగారు కింద నీడలో కూర్చోవాలి. సాయంత్రం ఇవతలి ఒడ్డునుంచి చూసినా ఆ గుడి అందం అందమే.

రోజుకి ఒకటే పెద్ద కార్యక్రమం, అదీ పొద్దునే. పన్నెండు నుంచి నాలుగు దాకా గదిలో భోజనం, నిద్ర. నాలుగు తర్వాత దగ్గర్లో ఏదో తేలికైనది. సురసక్ నుంచి మూడు స్టేషన్లు వెళ్తే సాలా డేంగ్, పక్కనే లుంఫినీ పార్కు. చెరువు, తొక్కే పడవలు, నీళ్లలోంచి లేచి గడ్డి మీద నడిచే పెద్ద పెద్ద ఉడుములు. వాటి జోలికి వెళ్ళకపోతే అవీ రావు. సరిగ్గా ఆరింటికి జాతీయ గీతం వినిపిస్తుంది, పరుగెత్తేవాళ్లు సైతం ఆగి నిలబడతారు. మీరూ నిలబడండి. అదే దారిలో థాయ్ రెడ్‌క్రాస్ వారి పాముల కేంద్రం ఉంది, పాముకాటు మందు తయారు చేసే చోటు. వారపు రోజుల్లో పాముల విషం తీసి చూపిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఏ మాల్‌లోని చేపల అద్దాలకన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం. పాప కోసం చేపలు కావాలంటే సియామ్ పారగాన్ కింద సీ లైఫ్ ఉంది, టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే తగ్గుతుంది. చిట్ లోం స్టేషన్ దగ్గర ఎరవాన్ హోటల్ మూల 1956లో వెలిసిన నాలుగు ముఖాల బ్రహ్మ ఉన్నాడు. మనకి బ్రహ్మ గుళ్లే అరుదు, అక్కడ నగరం నడిబొడ్డున రోజంతా దండలు, ధూపం. ఒక సాయంత్రం ఐకాన్‌సియామ్ మాల్‌కి పడవలో వెళ్తే నది గాలి, కింది అంతస్తులో తేలే సంత నమూనా చూడొచ్చు. అసలు తేలే సంత దమ్నోన్ సదువక్ వంద కిలోమీటర్లు, ఈసారికి వద్దు. అయుత్థయ మాత్రం 80 కిలోమీటర్లే అయినా శిథిలాల మధ్య ఎండలో నడక, మీ ఇంటికి అది ఎక్కువ. ఏనుగు సవారీ, పులితో ఫొటో ఎవరు అమ్మజూపినా కొనకండి. ఆ జంతువుల్ని అలా మచ్చిక చేసే తీరు పిల్లలకి చూపించదగ్గది కాదు.

పిల్లలు తప్పిపోతారన్న భయానికి చేయగలిగింది ఉంది. ఇద్దరి జేబుల్లోనూ హోటల్ కార్డు, మీ అక్కడి ఫోను నంబరు రాసిన చీటీ. రోజూ బయల్దేరే ముందు ఇద్దరికీ ఒక ఫొటో తీయండి, ఆ రోజు బట్టలతో. బాబుకి రైలు నియమం నేర్పండి: నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే అక్కడే కదలకుండా నిలబడు, మేం వెనక్కి వస్తాం. నువ్వొక్కడివే రైలెక్కేస్తే తర్వాతి స్టేషన్‌లో దిగి నిలబడు. అత్తగారికి కూడా ఇదే నియమం చెప్పండి, పెద్దవాళ్లు తప్పిపోవడం పిల్లలకన్నా తక్కువేం కాదు. పెద్దలు ముగ్గురి ఫోన్లలోనూ అక్కడి సిమ్ ఉండాలి, ఒక్కరికే తీసుకుని పొదుపు చేయకండి. టూరిస్టు పోలీసు 1155, అంబులెన్సు 1669. మంచి ప్రైవేటు ఆసుపత్రులున్నాయి, బిల్లులు బరువు, కాబట్టి ప్రయాణ బీమా అయిదుగురికీ తీసుకోండి, అత్తగారికి ఉన్న జబ్బులు దాచకుండా రాయండి. ఆవిడ మందులు చేతి సంచీలో, డాక్టరు చీటీతో సహా. జనవరిలో వానలు అరుదు, ఎండ కాస్త నయం, కానీ కొన్ని రోజులు పొగమంచులా దుమ్ము కమ్ముతుంది. ఆవిడకి ఆయాసం ఉంటే మాస్కులు పెట్టుకోండి, గాలి బాగాలేని పొద్దున పార్కు మానేసి మాల్‌కి వెళ్ళండి.

కాగితాల పని. భారతీయులకి వీసా లేకుండా వెళ్లే వీలు 2023 నవంబరులో వచ్చింది, 2024లో గడువు 60 రోజులు చేశారు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి, టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్‌లో చూసి నిర్ధారించుకోండి. 2025 మే 1 నుంచి ప్రతి ఒక్కరూ, చంటిపిల్లలు సహా, దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి, కొంత నగదు చూపించమని అడగొచ్చు. డబ్బు అంతా ఏటీఎంలో తీద్దామనుకోకండి, తీసిన ప్రతిసారీ 220 బాట్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే కోస్తారు.

వీటన్నిటికంటే ముందు ఈ వారంలోనే అయిదు పాస్‌పోర్టులూ బయటికి తీసి గడువు చూడండి. ప్రయాణం నాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుంది, బాబుది ఎప్పుడో తీసుంటే ముగిసిపోయి ఉండొచ్చు. పాపకి ఇంకా తీయకపోతే రేపే అర్జీ పెట్టండి. టికెట్లు ఆ తర్వాతే.